పుర్రెకు తెరిచిన కిటికీ: తలగాయాలు, తొలినాటి మెదడు శస్త్రచికిత్సలు

తలకు దెబ్బ తగిలిన మనిషి లేచి కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, "నాకేమీ కాలేదు, ఇంటికి పోదాం పదండి" అన్నాడంటే చుట్టూ ఉన్నవారి ప్రాణం కుదుటపడుతుంది. అదే మనిషి రెండు మూడు గంటల తరువాత నిద్రలోకి జారుకుని గురక పెడుతుంటే "పాపం అలసిపోయాడు, పడుకోనివ్వండి" అంటారు. రోగుల బంధువుల నోట నేను విన్న మాటలలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా భయపెట్టిన మాట అది. ఆ గురక నిద్ర కాకపోవచ్చు. పుర్రె లోపల రక్తం పేరుకుంటూ మెదడును నొక్కుతూ ఉండవచ్చు.

ఈనాడు అనుమానం కలిగితే స్కాన్ తీయిస్తాం. కాని ఆ యంత్రం మనిషి తలను మొదటిసారి చూసింది 1971 అక్టోబరు 1న మాత్రమే. అంతకు ముందు వేల సంవత్సరాలుగా మనుషులు చెట్ల మీదనుంచి, గుర్రాల మీదనుంచి పడుతూనే ఉన్నారు, యుద్ధాలలో ఒకరి తలలు మరొకరు పగులగొట్టుకుంటూనే ఉన్నారు. వారికి ఎవరు, ఏ విధంగా చికిత్స చేశారు? ఎందరు బతికారు? ఎందుకు బతికారు? ఈ ప్రశ్నలకు దొరికిన జవాబులలో కొన్ని మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తాయి. నేను సమగ్ర చరిత్రను చెప్పబోవటం లేదు. నాకు ముఖ్యమని తోచిన కొన్ని ఘట్టాల దగ్గర మాత్రమే ఆగుతాను.

1863లో అమెరికా అధ్యక్షుడు లింకన్, ఎఫ్రయిమ్ జార్జ్ స్క్వయర్ అనే దౌత్యవేత్తను పెరూ దేశానికి పంపించాడు. స్క్వయర్‌కు పురావస్తువుల మీద మక్కువ ఎక్కువ. ఇంకా సామ్రాజ్యానికి ఒకనాటి రాజధాని అయిన కుస్కో నగరంలో, ఒక సంపన్న మహిళ ఇంట్లో ఉన్న ప్రాచీన వస్తువుల మధ్య ఆయనకు ఒక పుర్రె భాగం కనిపించింది. నుదుటి ఎముకలో చదరపు ఆకారంలో ఒక కంత ఉంది. రెండు నిలువు గీతలు, రెండు అడ్డు గీతలు లోతుగా కోసి, మధ్య ముక్కను ఎత్తి తీసివేసినట్లు స్పష్టంగా తెలుస్తున్నది. కిందపడితే ఆ విధంగా పగలదు, ఆయుధం తగిలినా పగలదు. మనిషి చేతితో, ఓపికగా, కావాలని చేసిన పని అది.

స్క్వయర్ ఆ పుర్రెను న్యూయార్క్ తీసుకువెళ్ళి అక్కడి వైద్యులకు చూపించాడు. బతికి ఉన్న మనిషికి ఈ శస్త్రచికిత్స జరిగిందని, ఆ తరువాత కూడా అతడు కొంతకాలం జీవించాడని అంటే వారిలో పలువురు నమ్మలేదు. అప్పుడు ఆయన దానిని పారిస్‌లోని పాల్ బ్రోకా వద్దకు పంపించాడు. బ్రోకా అప్పటికే ప్రసిద్ధుడు. మాట పలికించే కేంద్రం మెదడులో ఎడమవైపు ముందుభాగంలో ఉన్నదని 1861లో చూపించినవాడు. ఆయన కంత అంచులను పరిశీలించి, 1867లో పారిస్ మానవశాస్త్ర సంఘం ముందు తన నిర్ణయం ప్రకటించాడు: శస్త్రచికిత్స బతికున్న మనిషికే జరిగింది, ఆ మనిషి తరువాత కొన్ని రోజులైనా బతికాడు.

చచ్చిన పుర్రెను చూసి ఆ మనిషి ఎంతకాలం బతికాడో చెప్పటం ఏమిటని మీరు అడగవచ్చు. అది మంత్రవిద్య కాదు. ఎముక కూడా జీవమున్న పదార్థమే. కోసిన వెంటనే మనిషి చనిపోతే అంచులు కోసినంత పదునుగానే మిగిలిపోతాయి. కొన్ని వారాలు బతికితే అంచుల చుట్టూ ఎముక గుల్లబారి, చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. నెలలు, సంవత్సరాలు బతికితే కొత్త ఎముక పెరిగి అంచులు నున్నగా గుండ్రబడతాయి. ఏటి ఒడ్డున నీటి ఒరిపిడికి నునుపెక్కిన గులకరాయి మీకు తెలుసు కదా, అటువంటి అంచు. ఆ నునుపు కనిపించిందంటే రోగి గండం గడిచి బయటపడ్డాడన్నమాట. మరణ ధ్రువపత్రాలు లేని కాలానికి ఇంతకంటె నమ్మకమైన సాక్ష్యం మరొకటి లేదు.

కళ్ళు అటు పడిన తరువాత పుర్రెలు ఎన్నో చోట్ల బయటపడ్డాయి. ఫ్రాన్స్‌లోని ఆల్సాస్ ప్రాంతంలో ఎన్సిషైమ్ అనే చోట దొరికిన పుర్రె సుమారు 7000 సంవత్సరాల నాటిది. దానికి రెండు కంతలున్నాయి, రెండూ మానినవే. మన దేశంలో కాశ్మీరులోని బుర్జహోమ్ నవీన శిలాయుగపు స్థలంలో అనేక రంధ్రాల గుర్తులున్న ఒక స్త్రీ పుర్రె దొరికింది. అయితే ఆ రంధ్రాలు ఆమె జీవించి ఉండగా పెట్టినవా, మరణం తరువాత పెట్టినవా అన్నదానిపై పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కనుక దానిని మన శస్త్రవైద్య ఘనతకు రుజువుగా చూపటానికి నేను తొందరపడను.

ఇక్కడ ఒక కథ చెప్పకుండా ముందుకు పోలేను. బౌద్ధుల వినయపిటకంలో జీవకుడు అనే వైద్యుని గురించిన ఉదంతాలున్నాయి. రాజగృహంలో ఒక శ్రేష్ఠికి ఏడేళ్ళుగా తలలో వ్యాధి. వైద్యులందరూ చేతులెత్తేశారు. జీవకుడు అతనిని మంచానికి కట్టి, నెత్తిమీది చర్మం కోసి, కపాలపు అతుకును తెరచి, లోపలినుంచి రెండు పురుగులను తీసి, మళ్ళీ కుట్టి లేపనం పూశాడట. దీనిని చరిత్రగా కంటె కథగానే తీసుకుందాం. నాకు నచ్చింది శస్త్రచికిత్స కాదు, ఆ తరువాతి సంభాషణ. కుడివైపు ఏడు నెలలు, ఎడమవైపు ఏడు నెలలు, వెల్లకిలా ఏడు నెలలు పడుకుంటానని జీవకుడు ముందే శ్రేష్ఠి చేత మాట తీసుకుంటాడు. పాపం, ఆ శ్రేష్ఠి ప్రతి వైపూ ఏడు రోజులకే తన వల్ల కాదంటాడు. ఇరవయ్యొక్క రోజులు గడిచేసరికి జీవకుడు, నీకు నయమయింది లేచి వెళ్ళు, ఏడు నెలలని చెప్పకపోతే నీవు ఏడు రోజులైనా పడుకునేవాడివి కాదు అంటాడు. రోగుల చేత విశ్రాంతి తీయించటానికి నానా తంటాలు పడిన ఏ వైద్యుడైనా ఈ కథ రాసినవారికి రోగులు బాగా తెలుసునని ఒప్పుకుంటాడు.

తలగాయాలను గురించి మనకు దొరికిన అతి ప్రాచీన వైద్య రచన ఈజిప్టుది. 1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ కొన్న పాపిరస్ చుట్టలో 48 రోగుల వివరాలున్నాయి. ఆ ప్రతి రాసి సుమారు 3600 సంవత్సరాలైంది, మూలం అంతకంటె పాతది. తల దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తుంది కనుక మొదటి రోగులందరూ తలగాయాల వారే. పుర్రె పగిలి మెదడు బయటపడిన ఒక రోగి విషయంలో మెదడు మీది ముడుతల గురించి, వేలికి తగిలే దాని కదలిక గురించి ఆ వైద్యుడు రాసి పెట్టాడు. ప్రతి రోగినీ పరీక్షించాక అతడు మూడు తీర్పులలో ఒకటి ఇస్తాడు: నేను చికిత్స చేయగలను, పోరాడి చూస్తాను, ఇది చికిత్సకు లొంగదు. పుర్రెకు రంధ్రం చేసే ప్రస్తావన అందులో లేదు. కాని తన శక్తికి హద్దు ఎక్కడో తెలిసి, ఆ హద్దును దాచకుండా రాసిన వైద్యుడతడు.

సామాన్య శకానికి సుమారు 400 ఏళ్ళ ముందు గ్రీసులో, హిప్పోక్రటీస్ పేరు మీద తలగాయాలను గురించి ఒక గ్రంథం వెలువడింది. పుర్రెను తొలిచేటప్పుడు బరమా వేడెక్కి ఎముకను కాల్చకుండా మాటిమాటికీ చల్లని నీటిలో ముంచాలని, ఎముకను చివరంటా ఒక్కసారిగా తొలిచేయకుండా పలుచని పొరను మిగల్చాలని అందులో ఉంది. దెబ్బ ఒకవైపు తగిలితే ఫిట్స్ శరీరపు రెండవవైపు వస్తాయని కూడా ఉంది. మెదడు ఎడమభాగం శరీరపు కుడిభాగాన్ని నడుపుతుందన్న సత్యానికి ఇది తొలి గమనికలలో ఒకటి. బరమాను చల్లబరిచే పద్ధతి మాత్రం ఈనాటికీ మారలేదు. ఇప్పుడు మేము సెలైన్ పోస్తాం, అంతే.

మళ్ళీ పెరూకు వెళ్ళాలి. అసలైన ఆశ్చర్యం అక్కడే ఉంది. ఆ దేశంలో ఇంతవరకు 800కు పైగా రంధ్రాలున్న పుర్రెలు దొరికాయి. మిగతా ప్రపంచమంతటా దొరికినవి కలిపినా అన్ని లేవంటారు. 2018లో కుష్నర్, వెరానో, టైటెల్‌బామ్ అనే పరిశోధకులు ఈ పుర్రెల అంచులను పరిశీలించి ఒక లెక్క తేల్చారు. సామాన్య శకానికి ముందు 400 నుంచి 200 మధ్య కాలపు 59 పుర్రెలలో చాలాకాలం బతికినవారు సుమారు 40 శాతం. సామాన్య శకం 1000 నుంచి 1400 వరకు గల కాలానికి చెందిన 421 పుర్రెలలో ఇది 53 శాతం. ఇంకా సామ్రాజ్య కాలపు 160 పుర్రెలలో 75 నుంచి 83 శాతం. ఇనుము ఎరుగనివారు, లిపి లేనివారు, రాతి పనిముట్లతో, కంచు పనిముట్లతో పుర్రెలు తెరిచి నలుగురిలో ముగ్గురిని బతికించారన్నమాట.

అదే పరిశోధకులు దీనిని అమెరికా అంతర్యుద్ధపు లెక్కలతో పోల్చారు. 1861-65 మధ్య జరిగిన ఆ యుద్ధంలో పుర్రె తెరిచే శస్త్రచికిత్స పొందినవారిలో 46 నుంచి 56 శాతం మరణించారు. పత్రికలు ఈ పోలికను ఎంతో ఉత్సాహంగా ప్రచురించాయి. నాకు మాత్రం ఈ పోలిక పూర్తిగా న్యాయమైనదిగా తోచదు. తుపాకి గుండు పుర్రెను, దాని కింది పొరను, మెదడును చీల్చుకుంటూ, మురికి గుడ్డపీలికలను వెంట తీసుకుని లోపలికి పోతుంది. ఆండీస్ పర్వతాలలో యుద్ధాలు వడిసెల రాళ్ళతో, రాతి గదలతో జరిగేవి. అవి తగిలితే పుర్రె లోపలికి నొక్కుకుపోతుంది కాని చాలాసార్లు మెదడు పొర చిరగదు. రెండు గాయాలూ ఒకటి కావు. ఆ తేడాను తీసివేసి చూసినా, పెరూ శస్త్రవైద్యుల గొప్పతనం చెక్కుచెదరదు. ఎందుకంటే తరాలు గడిచేకొద్దీ వారి ఫలితాలు మెరుగుపడ్డాయి. అది అదృష్టం వల్ల జరగదు, నేర్చుకోవటం వల్ల జరుగుతుంది.

ఏమి నేర్చుకున్నారు? పుర్రెలే చెబుతున్నాయి. తొలి కాలంలో కంతలు పెద్దవి, కోతలు లోతైనవి. తరువాతి కాలంలో కంతలు చిన్నవయ్యాయి, కోయటం తగ్గి గీకటం, చిన్న చిన్న రంధ్రాలు పెట్టటం పెరిగింది. గీకినప్పుడు ఎముక కొద్దికొద్దిగా పలుచబడుతుంది, చేయి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. పుర్రె ఎముక కింద డ్యూరా మేటర్ అనే దృఢమైన పొర మెదడును కప్పి ఉంటుంది. అది చిరగనంత వరకు క్రిములు మెదడును చేరటం కష్టం. పొరకు గాయం కాకూడదన్న నియమం ఆ వైద్యులు ఎందరో రోగులను పోగొట్టుకున్న తరువాతనే గ్రహించి ఉంటారు. మత్తుకు కోకా ఆకులు, మొక్కజొన్నను పులియబెట్టి చేసే పానీయం వాడి ఉండవచ్చు. ఇంకొక సంగతి కూడా ఉంది. వారి రోగులు కిక్కిరిసిన ఆసుపత్రి వార్డులలో, ఒకరి చీము మరొకరికి అంటుకునే మంచాల మీద పడుకోలేదు.

అదే కాలంలోనూ ఆ తరువాతా ఐరోపాలో జరిగింది సరిగా దీనికి వ్యతిరేకం. 18వ శతాబ్దానికి అక్కడి వైద్యుల వద్ద మంచి ఉక్కు పనిముట్లున్నాయి, శరీర నిర్మాణ జ్ఞానం ఉంది. ఇంగ్లండులో పెర్సివల్ పాట్ వంటి గొప్ప శస్త్రవైద్యులు తలగాయాల మీద గ్రంథాలు రాశారు. అయినా పెద్ద ఆసుపత్రులలో పుర్రె తెరిచిన రోగులు అత్యధికంగా చనిపోతుండేవారు. పారిస్‌లో ఒటెల్ డ్యూ ఆసుపత్రి ప్రధాన శస్త్రవైద్యుడు పియర్ డెసో చివరికి విసిగి ఆ శస్త్రచికిత్సనే మానేశాడు. న్యూయార్క్ వైద్యులు స్క్వయర్ పుర్రెను ఎందుకు నమ్మలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. తమ చేతులలో బతకని రోగి కొండజాతివారి చేతులలో ఎలా బతుకుతాడన్నది వారి సందేహం. ఆ చేతులే కారణమని, కడుక్కోని ఆ చేతులే చీమును మోసుకుపోతున్నాయని వారికి ఇంకా తెలియదు.

1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో కావెండిష్ వద్ద రైలుమార్గం పని జరుగుతున్నది. ఫినియస్ గేజ్ అనే పాతికేళ్ళ మేస్త్రీ రాతిలో తొలిచిన రంధ్రంలో పేలుడు మందును ఇనుపకడ్డీతో దట్టిస్తుండగా అది పేలింది. 3 అడుగుల 7 అంగుళాల పొడవు, అంగుళంపావు మందం, సుమారు 6 కిలోల బరువు గల ఆ కడ్డీ అతని ఎడమ చెంప ఎముక కిందనుంచి దూరి, నడినెత్తినుంచి బయటకు వచ్చి దూరంగా పడింది. కొద్ది నిమిషాలకు గేజ్ మాట్లాడాడు. ఎద్దుబండిలో కూర్చుని బసకు చేరాడు. అక్కడికి వచ్చిన వైద్యునితో తన గాయం గురించి తానే చెప్పాడు.

ఈ కథను మీరు ఎక్కడో చదివే ఉంటారు. సాధారణంగా మనస్తత్వశాస్త్ర పుస్తకాలలో, మెదడు ముందుభాగం దెబ్బతింటే మనిషి స్వభావం మారిపోతుందనటానికి ఉదాహరణగా చెబుతారు. ఆ మార్పు గురించి చెప్పినదానిలో అతిశయోక్తి కూడా తక్కువ కాదు. ఆ తరువాత గేజ్ చిలీ దేశానికి వెళ్ళి కొన్నేళ్ళు గుర్రపుబండ్లు తోలి బతికాడు. పనికిమాలిన మనిషి కొండదారులలో ఆరు గుర్రాల బండి తోలలేడు. నేను మాత్రం ఈ కథను చీము కోసం చెబుతున్నాను. అతనికి చికిత్స చేసిన జాన్ హార్లో అప్పటికి ముప్ఫై ఏళ్ళు నిండని పల్లెటూరి వైద్యుడు. ఎముక ముక్కలు ఏరివేసి, గాయాన్ని పూర్తిగా బిగించి మూసివేయకుండా, లోపలి ద్రవం బయటకు పోవటానికి వీలుంచి కట్టు కట్టాడు. పది రోజులకు గాయం చెడి, గేజ్ స్పృహ కోల్పోసాగాడు. స్నేహితులు శవపేటికను, బట్టలను సిద్ధం చేసుకున్నారు. 27వ తేదీన హార్లో కోత పెట్టి పావు లీటరుకు దగ్గరగా దుర్గంధపు చీమును బయటకు తీశాడు. నవంబరు చివరకు గేజ్ తన ఊరికి చేరాడు. 1860లో ఫిట్స్ వచ్చి మరణించేవరకు, అంటే ఇంకా పదకొండేళ్ళకు పైగా జీవించాడు. గేజ్ పుర్రె, ఆ ఇనుపకడ్డీ ఇప్పటికీ హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వారెన్ సంగ్రహాలయంలో ఉన్నాయి. అతడు కడ్డీనుంచి బతికి బయటపడటం అద్భుతం. చీమునుంచి బతికి బయటపడటం వైద్యం.

చీముకు కారణమేమిటో ఆచరణలో చూపించినవాడు జోసెఫ్ లిస్టర్. కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను, చేతులను, పనిముట్లను శుభ్రపరచి తాను సాధించిన ఫలితాలను ఆయన 1867లో ప్రకటించాడు. బ్రోకా కుస్కో పుర్రెను గురించి ప్రసంగించింది కూడా ఆ సంవత్సరమే కావటం నాకెప్పుడూ వింతగా తోస్తుంది. మెదడులో ఏ పని ఎక్కడ జరుగుతుందో బ్రోకా చెప్పటం మొదలుపెట్టాడు. మెదడును చెడనివ్వకుండా తెరిచే దారి లిస్టర్ చూపాడు. ఈ రెండింటినీ కలిపినవాడు గ్లాస్గోలో లిస్టర్ వద్ద చదువుకున్న విలియం మెక్యూన్.

1876లో మెక్యూన్ వద్దకు పదకొండేళ్ళ బాలుడు వచ్చాడు. తలకు గాయమై, ఆ తరువాత ఒకవైపు ఫిట్స్, మాట పడిపోవటం వంటి లక్షణాలు కనిపించాయి. మెదడు ఎడమ ముందుభాగంలో, బ్రోకా చెప్పిన చోట చీముగడ్డ ఉందని మెక్యూన్ నిర్ణయించి, పుర్రె తెరిచి తీస్తానన్నాడు. పెద్దలు ఒప్పుకోలేదు. బాలుడు చనిపోయాడు. మరణం తరువాత అనుమతి తీసుకుని, తాను చేయదలచిన శస్త్రచికిత్సను అదే విధంగా చేసి చూశాడు. చీముగడ్డ సరిగ్గా ఆయన చెప్పిన చోటనే ఉంది. ఆ పెద్దలను నిందించటానికి నాకు మనసొప్పదు. అప్పటికి అటువంటి శస్త్రచికిత్స జరిగి బతికినవారు వారి ఎరుకలో ఒక్కరూ లేరు. మూడేళ్ళ తరువాత, 1879లో, తలకు దెబ్బ తగిలి ఫిట్స్ వస్తున్న మరొక బాలునికి పైగాయం చూసి కాక, ఫిట్స్ మొదలయ్యే తీరును చూసి, రక్తం ఎక్కడ పేరుకుందో ఊహించి తెరిచి తీశాడు. ఆ బాలుడు బతికాడు. 1893లో మెక్యూన్ ప్రచురించిన గ్రంథం ప్రకారం మెదడులో చీముగడ్డకు శస్త్రచికిత్స చేసిన 19 మందిలో 18 మంది కోలుకున్నారు. అప్పటికి ఎక్స్ రే కూడా లేదు. పెన్సిలిన్ రావటానికి ఇంకా అర్ధ శతాబ్దం ఉంది.

యుద్ధాలు శస్త్రవైద్యులకు పాఠశాలలన్న మాట వినటానికి కఠినంగా ఉంటుంది, కాని నిజం. 1917లో బెల్జియంలోని పాషెండేల్ యుద్ధభూమి వెనుక, ఒక గుడారపు ఆసుపత్రిలో అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ పనిచేశాడు. తలలో బాంబు ముక్కలు దిగిన సైనికులు బురదలో తడిసి వచ్చేవారు. కుషింగ్ తల మొత్తం గొరిగించి, ఎక్స్ రే తీయించి, స్థానికంగా మాత్రమే మత్తు ఇచ్చి, ఛిద్రమైన మెదడు పదార్థాన్ని సన్నని రబ్బరు గొట్టంతో మెల్లగా పీల్చి తీసి, దానితోబాటు ఎముక ముక్కలను తొలగించి, చర్మాన్ని పూర్తిగా మూసి కుట్టేవాడు. ఒక్కొక్కరికి రెండు గంటలు పట్టేది. మూడు నెలలలో 133 మంది. ఆయన తన ఫలితాలను దాచుకోలేదు: మొదటి 44 మందిలో 54.5 శాతం మరణించారు, తరువాతి 44 మందిలో 40.9 శాతం, చివరి 45 మందిలో 28.8 శాతం. ఈ అంకెలను చూసినప్పుడల్లా నాకు పెరూ పుర్రెల లెక్క గుర్తుకు వస్తుంది. అక్కడ అంతటి మెరుగుదలకు వెయ్యేళ్ళకు పైగా పట్టింది. ఇక్కడ, రోజూ చీటీ రాసి పెట్టుకుని, తప్పు ఎక్కడ జరిగిందో మర్నాడే చూసుకోవటం వల్ల మూడు నెలలు సరిపోయాయి.

కుషింగ్ వద్ద శిక్షణ పొందినవారిలో హ్యూ కెయిర్న్స్ ఒకడు. ఆస్ట్రేలియాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డాడు. 1935 మే 13న, మొదటి ప్రపంచ యుద్ధంలో అరేబియాలో పేరుపొందిన టి. ఇ. లారెన్స్ ఇద్దరు సైకిలు పిల్లలను తప్పించబోయి మోటారు సైకిలు మీదనుంచి ఎగిరిపడ్డాడు. తలకు శిరస్త్రాణం లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి, 46వ ఏట మరణించాడు. ఆయనను చూడటానికి పిలిపించిన వైద్యులలో కెయిర్న్స్ ఉన్నాడు. చేయగలిగిందేమీ లేకపోయింది.

ఆ తరువాత కెయిర్న్స్ చేసిన పని శస్త్రచికిత్స కాదు, లెక్క. 1941లో ఆయన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించాడు. యుద్ధం మొదలైన తరువాతి 21 నెలలలో బ్రిటన్ రోడ్ల మీద 2279 మంది మోటారు సైకిలు ప్రయాణికులు మరణించారు. వారిలో చాలామందికి తలగాయాలే. హెల్మెట్ ధరించి ప్రమాదానికి గురైనవారు ఆయనకు ఏడుగురు మాత్రమే దొరికారు. ఆ ఏడుగురి తలగాయాలలో ఒక్కటీ ప్రాణం తీయలేదు. ఏడు చిన్న సంఖ్య అని ఆయనకూ తెలుసు. అయినా ఆ ఏడాది నవంబరులో బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు వార్తాహరులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. అక్కడి పౌరులందరికీ ఆ నియమం వర్తించటానికి 1973 దాకా పట్టింది. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ విభాగం ఆ మాటే చెబుతుంది. మన ఊళ్ళలో ఆ హెల్మెట్ బండి అద్దానికి వేలాడుతుందో, తలమీద ఉంటుందో మీరు రోజూ చూస్తున్నారు.

మన దేశంలో మెదడు శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం మొదట ఏర్పడింది వెల్లూరులో, 1949లో, డాక్టర్ జేకబ్ చాందీ చేతుల మీదుగా. మరుసటి ఏడు మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ బి. రామమూర్తి ప్రారంభించారు. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. మిగతా ఊళ్ళలో తలగాయాలను సాధారణ శస్త్రవైద్యులే చూసుకోవాలి. నేను వృత్తిలో చేరేనాటికి కూడా ఒక జిల్లా ఆసుపత్రిలో స్కాన్ అన్నది పత్రికలో చదివే విషయం.

ఒక రాత్రి పంతొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి తీసుకువచ్చారు. సాయంత్రం తాటిచెట్టు మీదనుంచి పడ్డాడు. కాసేపు స్పృహ తప్పి లేచాడు. అన్నం తిన్నాడు. పడుకున్నాడు. అతని నాయనమ్మ అనుమానంతో లేపి చూస్తే లేవలేదు. ఆమె ఒక్కతే "ఇది నిద్ర కాదురా" అన్నదట. నేను చూసేసరికి కుడి కంటిపాప పెద్దదై, వెలుతురుకు కదలటం లేదు. కుడి కణత మీద చిన్న వాపు. కణత దగ్గర పుర్రె పలుచగా ఉంటుంది. దాని వెనుకనే మెదడు పొరకు రక్తం అందించే ధమని ఎముకను ఆనుకుని పోతుంది. ఎముక చిట్లితే అది తెగుతుంది, రక్తం ఎముకకూ పొరకూ మధ్య గడ్డకడుతూ మెదడును పక్కకు నెట్టుతుంది. మధ్యలో తెలివిగా మాట్లాడే ఆ కొన్ని గంటలే అందరినీ మోసగిస్తాయి. పెద్ద ఊరికి పంపితే దారిలోనే పోతాడు. చేతితో తిప్పే బరమాతో, నీళ్ళు పోయిస్తూ, కణత మీద రంధ్రం చేశాను. నల్లని రక్తపుగడ్డ తనంతట తానే ఉబికి వచ్చింది. రంధ్రాన్ని వెడల్పు చేసి, ధమనిని కట్టి, పొర చిరగలేదని చూసుకుని మూశాను. తెల్లవారేసరికి కంటిపాప మామూలైంది.

ఆ పనిలో నా గొప్ప ఏమీ లేదు. ఇంకో గంట ఆలస్యమైతే అదే చేయి, అదే బరమా పనికివచ్చేవి కావు. ఎముక కింద కాక పొర కింద, మెదడును ఆనుకుని పేరుకునే రక్తం ఇంకా ప్రమాదకరమైనది. 1981లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశీలనలో అటువంటి 82 మంది రోగులలో, నాలుగు గంటల లోపల శస్త్రచికిత్స జరిగినవారిలో 30 శాతం మరణించగా, ఆ తరువాత జరిగినవారిలో 90 శాతం మరణించారు. కనుక తలకు దెబ్బ తగిలినవారు కాసేపైనా స్పృహ తప్పినా, మాటిమాటికీ వాంతి చేసుకున్నా, తలనొప్పి పెరుగుతున్నా, అడిగిందే అడుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక కాలో చేయో బలహీనపడినా, ముక్కునుంచి, చెవినుంచి నీరువంటి ద్రవం కారినా, మద్యం మత్తు అని, అలసట అని సరిపెట్టుకోవద్దు. ఏ గంటకైనా 108కు ఫోన్ చేసి, స్కాన్, శస్త్రచికిత్స రెండూ ఉన్న చోటికి తీసుకుపోండి. రక్తం పలుచబడే మందులు వాడే వృద్ధులకు చిన్న దెబ్బ తగిలినా ఇదే మాట.

ఆ కుర్రవాడు చాలా ఏళ్ళ తరువాత, కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వటానికి మా ఇంటికి వచ్చాడు. అప్పటికి జుట్టు పలుచబడింది. కణత మీద గుంట కనిపిస్తున్నది. మంగలి ఎప్పుడూ దాని గురించే అడుగుతాడని నవ్వుతూ చెప్పాడు. అడిగి, వేలితో తడిమి చూశాను. అంచులు నున్నగా ఉన్నాయి.